హాలోపెరిడాల్ చుక్కలకి బిగుసుకుపోయిన పెద్దాయన: ఒక లూయీ బాడీ డిమెన్షియా కేసు

మతిమరుపు ఉన్న పెద్దవాళ్లకి లేనివి కనిపిస్తున్నాయంటే హాలోపెరిడాల్ అనే సైకోసిస్ మందు రాయడం మన దగ్గర మామూలు. చాలామందిలో వెంటనే పెద్ద ప్రమాదమేమీ కనిపించదు, కాబట్టి అలవాటు కొనసాగుతోంది. కానీ మెదడు కణాల్లో ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రోటీన్ పేరుకుపోయిన మనిషికి, అంటే లూయీ బాడీ డిమెన్షియా ఉన్నవాళ్లకి, అదే మందు పడితే వారం తిరక్కుండా మంచాన పడొచ్చు, ప్రాణమే పోవచ్చు. డిమెన్షియా ఏ రకమో తేల్చడం పుస్తకాల్లో వర్గీకరణ కోసం కాదు, ఆ రాత్రి ఇవ్వబోయే మందు కోసం. ఈ కేసు రాస్తున్నది అందుకే. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు, వృత్తి, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను.

నేపథ్యం

ఆయనకి డెబ్బై దాటింది. ధాన్యం వ్యాపారి దగ్గర గుమస్తాగా లెక్కలు చూసి మానేసిన మనిషి. బీపీకి మాత్రలు వాడుతున్నారు. షుగర్ లేదు, తాగుడు లేదు. ఇంట్లో భార్య, అదే ఊళ్లో కూతురు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు.

మార్పు మొదలై రెండేళ్లయింది. ముందు తేడా వచ్చింది జ్ఞాపకంలో కాదు, దారిలో. రోజూ వెళ్లే గుడి నుంచి వస్తూ పక్క సందులోకి వెళ్లిపోయారు. చొక్కా తిరగేసి వేసుకునేవారు, చెప్పులో కాలు సరిగ్గా పెట్టలేకపోయేవారు. కానీ నిన్న ఎవరొచ్చారో, మనవరాలి పరీక్షలు ఎప్పుడో అడిగితే చాలావరకు సరిగ్గానే చెప్పేవారు. ఈ చిన్న విషయం ఎంత ముఖ్యమో తర్వాత అర్థమవుతుంది.

ఆ తర్వాత పిల్లలు కనిపించడం మొదలైంది. హాల్లో సోఫా పక్కన ఇద్దరు చిన్నపిల్లలు కూర్చున్నారని, మాట్లాడరని, ఊరికే చూస్తుంటారని చెప్పేవారు. భయం లేదు. "వాళ్లకీ చెరో రెండు ఇడ్లీలు పెట్టు" అని భార్యతో అనేవారు. ఆవిడ కొన్నాళ్లు కసురుకున్నారు, కొన్నాళ్లు నిజంగానే ప్లేటు పెట్టారు. ఎవరో గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. కళ్ల ముందు జరిగేదానికి ఇంకెవరూ అర్థం చెప్పకపోతే ఎవరైనా చేసే పనే అది.

దగ్గర్లోని ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే ఎంఆర్ఐ తీశారు. వయసుకి తగ్గ క్షీణత అని రిపోర్టు వచ్చింది. అల్జీమర్స్, దాంతోపాటు సైకోసిస్ (లేనివి ఉన్నట్టు అనిపించే స్థితి) అని రాసి హాలోపెరిడాల్ చుక్కలు ఇచ్చారు. రుచి ఉండదు కాబట్టి నీళ్లలో కలిపి ఇచ్చేయొచ్చు. నాలుగైదు రోజుల్లో ఆయన నడక ఆగిపోయింది, చేతులు వణికాయి. వణుకు తగ్గడానికి ట్రైహెక్సీఫెనిడిల్ కలిపారు. దాంతో మూత్రం బిగిసింది, విరేచనం ఆగిపోయింది, రాత్రంతా అరుపులు.

మా దగ్గరికి వచ్చేసరికి

వీల్‌చైర్‌లో తీసుకొచ్చారు. మెడ ఒక పక్కకి వంగి అలాగే ఉండిపోయింది. నోటి నుంచి చొంగ కారుతోంది. మోచెయ్యి వంచబోతే పళ్లచక్రం తిప్పినట్టు ఆగి ఆగి కదులుతోంది. పేరు పెట్టి పిలిస్తే కళ్లు తెరుస్తున్నారు, మళ్లీ మూసేస్తున్నారు. కొద్దిగా జ్వరం ఉంది.

ఈ స్థితిలో ముందు తేల్చాల్సింది డిమెన్షియా రకం కాదు. ప్రాణం తీసే కారణాలు కొన్ని ఉన్నాయి, వాటిని పక్కన పెట్టాకే మిగతా ఆలోచన. పక్షవాతమా? ఒక పక్క బలహీనత లేదు, సీటీలో కొత్తగా ఏమీ లేదు. న్యూరోలెప్టిక్ మలిగ్నెంట్ సిండ్రోమ్ (హాలోపెరిడాల్ లాంటి మందులకి వచ్చే ప్రాణాంతక రియాక్షన్) అయితే ఒళ్లు కాలిపోయేంత జ్వరం ఉండాలి, కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్ సీకే వేలల్లో ఉండాలి. ఈయనకి సీకే కాస్త మాత్రమే పెరిగింది, అయినా రోజూ చూడమని రాశాను. ఇన్‌ఫెక్షన్ మాత్రం నిజంగానే ఉంది. కాథెటర్ వేయగానే సంచి నిండిపోయింది, మూత్రంలో చీము కణాలు కనిపించాయి. యాంటీబయాటిక్ మొదలుపెట్టాం. సోడియం, థైరాయిడ్, బీ12 చూశాం, పెద్ద తేడాలు లేవు.

హాలోపెరిడాల్ వెంటనే ఆపేశాం. దాంట్లో సందేహం లేదు. ట్రైహెక్సీఫెనిడిల్ సంగతి వచ్చేసరికి మా జూనియర్ అడిగిన ప్రశ్న న్యాయమైనదే: బిగుసుకుపోయిన మనిషికి ఆ బిగుతు తగ్గించే మందు కూడా తీసేస్తే ఎలా సార్? యువకుడైన స్కిజోఫ్రీనియా రోగి అయితే నేనూ ఉంచేవాణ్ణే. కానీ ఆ మందు అసిటైల్‌కోలిన్‌ని, అంటే ధ్యాసకీ జ్ఞాపకానికీ కావాల్సిన మెదడు రసాయనాన్ని, అడ్డుకుంటుంది. మూత్రం బిగియడం, మలబద్ధకం, అయోమయం, మూడూ దాని పనే. పైగా ఈ మనిషి మెదడులో అసిటైల్‌కోలిన్ ముందే అడుగంటి ఉందని నా అనుమానం. అందుకే అదీ ఆపేశాం.

ఆ అనుమానానికి ఆధారం భార్య చెప్పిన మాట. చేర్చుకున్న రోజు సాయంత్రం అడిగాను: "అమ్మా, ఈ జబ్బు రాకముందు ఆయన నిద్ర ఎలా ఉండేది?"

"నిద్రా? ఎన్నో ఏళ్లుగా నేను కింద చాప మీదే పడుకుంటున్నా డాక్టరు గారూ. నిద్రలో ఎవరితోనో కొట్లాడతారు. కాళ్లతో తంతారు, కేకలేస్తారు. ఓసారి చెంప మీద కొట్టారు. పగలు నన్ను పల్లెత్తు మాట అనరు. దిష్టి తీయించాం, తగ్గలేదు. అలవాటైపోయింది."

ఇంతకుముందు చూసినవాళ్లకి ఎందుకు చెప్పలేదని అడిగితే, "ఎవరూ అడగలేదు, ఇది జబ్బని మాకూ తెలీదు" అన్నారు.

కలలొచ్చే నిద్రలో మన కండరాలు సడలి ఉండాలి. ఆ తాళం వేసే కేంద్రం మెదడు కాండంలో ఉంది. అక్కడి కణాలు దెబ్బతింటే మనిషి కలలో చేసేదంతా ఒంటితో చేసేస్తాడు. దీన్ని రెమ్ స్లీప్ బిహేవియర్ డిజార్డర్ అంటారు. మతిమరుపు రావడానికి ఏళ్ల ముందే ఇది మొదలవుతుంది, అల్జీమర్స్‌లో అరుదు. ఆవిడే ఇంకో మాట కూడా చెప్పారు: ఉదయం పాలవాడికి నెల లెక్క పైసలతో సహా చెప్పిన మనిషి, అదే రోజు మధ్యాహ్నం చొక్కా గుండీ ఎలా పెట్టుకోవాలో తెలియక నిలబడిపోయేవారట. మర్నాడు మళ్లీ బాగుండేవారు. "నటిస్తున్నారేమో అనుకున్నాం సార్" అన్నాడు కొడుకు.

కనిపించే పిల్లలు, నిద్రలో కొట్లాట, పూటకో రకంగా ఉండే తెలివి. 2017లో సవరించిన అంతర్జాతీయ ప్రమాణాల్లో లూయీ బాడీ డిమెన్షియాకి ప్రధాన లక్షణాలు నాలుగు. ఈ మూడింటికి పార్కిన్సనిజం (బిగుతు, వణుకు, నెమ్మదైన కదలిక) తోడైతే నాలుగూ ఉన్నట్టే. రెండు ఉన్నా చాలు, ఆ జబ్బు ఉండే అవకాశం బలంగా ఉందని రాయొచ్చు. ఎంఆర్ఐ ఫిల్ములు మళ్లీ తీసి చూశాను. జ్ఞాపకాల్ని నమోదు చేసే హిప్పోకాంపస్ రెండువైపులా వయసుకి బాగానే నిలబడి ఉంది. దారి తప్పినా నిన్నటి సంగతులు గుర్తుండటానికి అది సరిపోతోంది.

కణంలో ఏం జరుగుతోంది

కుటుంబానికి ఇది చెప్పడానికి నేను కొంత సమయం తీసుకుంటాను. అది అర్థమైతే తప్ప మందుల జాగ్రత్తలు నిలబడవు.

1906లో అలోయిస్ అల్జీమర్ తన రోగి మెదడులో చూసినవి రెండు. కణాల బయట మరకల్లా పేరుకున్న అమైలాయిడ్, కణాల లోపల చిక్కుపడ్డ పోగులు. ఆ పోగులు టౌ ప్రోటీన్‌వని చాలా కాలానికి తేలింది. టౌ ఉండాల్సింది కణంలో సరుకు రవాణా చేసే సన్నటి గొట్టాలకి ఆసరాగా. దాని మీద ఫాస్ఫేట్లు ఎక్కువగా చేరితే పట్టు వదిలేసి ఒకదానికొకటి చుట్టుకుంటుంది. ఈ నష్టం మొదట హిప్పోకాంపస్ చుట్టూ జరుగుతుంది, అందుకే అల్జీమర్స్‌లో ముందు పోయేది నిన్నటి జ్ఞాపకం.

1912లో ఫ్రెడరిక్ లూయీ పార్కిన్సన్స్ రోగుల మెదడులో ఇంకోరకం ముద్దలు చూశాడు. అవి కణం లోపల ఉంటాయి. 1976లో జపాన్‌లో కెంజీ కొసాకా అవే ముద్దలు మెదడు పైపొరల్లోనూ నిండిన డిమెన్షియా రోగి గురించి రాశాడు. వాటిలో ప్రధానంగా ఉన్నది ఆల్ఫా సైన్యూక్లిన్ అని 1997లో తేలింది. 140 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్ అది. ఒక కణం మరో కణానికి సంకేతం అందించే చోట దాని మామూలు ఉద్యోగం. మడత తప్పితే అక్కడే పేరుకుంటుంది, పక్కనున్న మంచి ప్రోటీన్‌ని కూడా తన దారికే తిప్పుతుంది.

కూతురు అడిగింది: "మంచిది చెడిపోవడం ఎలా సార్, అంటువ్యాధా?" కాదు, మనిషి నుంచి మనిషికి అంటదు, ఒకే మెదడులో కణం నుంచి కణానికి పాకుతుంది అని చెప్పి, పాలల్లో తోడు సంగతి గుర్తు చేశాను. చెంచాడు పెరుగు గిన్నెడు పాలనీ తన రూపంలోకి మారుస్తుంది కదా. తల్లి వెంటనే అందుకున్నారు: "అయితే తోడు ఏదైతే పెరుగు అదే." ఆవిడ అన్నదాంట్లో అసలు విషయం ఉంది. టౌ విత్తనం టౌనే చెడగొడుతుంది, సైన్యూక్లిన్ విత్తనం ప్రధానంగా సైన్యూక్లిన్‌నే.

మూడో దారి కూడా చెప్పాలి. ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియాలో నుదుటి వెనక, కణతల దగ్గర కణాలు దెబ్బతింటాయి. ముందు మారేది ప్రవర్తన, లేదా మాట. వాళ్లలో సుమారు సగంమందికి టీడీపీ-43 అనే ప్రోటీన్ కారణమని 2006 తర్వాత తెలిసింది, మిగతావాళ్లలో ఎక్కువమందికి టౌ. టీడీపీ-43 కణ కేంద్రకంలో ఉండి ఆర్ఎన్ఏ పనులు చూసుకోవాలి. జబ్బులో అది కేంద్రకం వదిలి బయట ముద్ద కడుతుంది. అంటే రెండు నష్టాలు: లోపల పని ఆగిపోతుంది, బయట చెత్త పెరుగుతుంది. ఈ రోగుల్లో అసిటైల్‌కోలిన్ వ్యవస్థ పెద్దగా దెబ్బతినదు, కాబట్టి అసిటైల్‌కోలిన్‌ని నిలబెట్టే రివాస్టిగ్మిన్, డొనెపెజిల్ లాంటివి వాళ్లకి ఉపయోగపడవు, కొందరిలో చిరాకు పెంచుతాయి. మా పెద్దాయనకి మేలు చేసిన మందు వాళ్లకి దండగ.

లూయీ బాడీ మెదడులో రెండు కరువులు ఒకేసారి ఉంటాయి. కదలికలని నడిపే డోపమైన్ అనే రసాయనం తయారుచేసే కణాలు పోతాయి, కాబట్టి ఉన్న కాస్త డోపమైన్‌ని హాలోపెరిడాల్ అడ్డుకుంటే మనిషి కొయ్యబారిపోతాడు. అసిటైల్‌కోలిన్ అల్జీమర్స్‌లో కంటే ఎక్కువగా, ముందుగా తగ్గిపోతుంది, కాబట్టి ట్రైహెక్సీఫెనిడిల్ పడితే తెలివి తప్పుతుంది. ముందు చూసిన డాక్టర్లు రెండు మందులూ పుస్తకం ప్రకారమే రాశారు. కానీ వాళ్లు చూసిన పేజీ వేరే జబ్బుది.

పని చేయనివి

మందులు ఆపి, ద్రవాలు ఎక్కించి, ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇస్తే వారం దాటాక కళ్లు తెరిచి మాట్లాడారు. మింగడం కుదుటపడ్డాక గొట్టం తీసేశాం. పిల్లలు మళ్లీ కనిపించారు. కొడుకు ఆందోళనగా "ఏదైనా నిద్రమాత్ర ఇవ్వండి సార్" అన్నాడు. ఇవ్వలేదు. పిల్లలు ఎవరినీ ఏమీ అనడం లేదు, ఆయన భయపడటం లేదు. ఆ భ్రాంతి వల్ల బాధపడుతున్నది మనం, ఆయన కాదు. తప్పనిసరి అయితే డోపమైన్‌ని తక్కువగా అడ్డుకునే క్వెటియాపిన్ 12.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టొచ్చని చార్టులో రాసి పెట్టాను, దాని అవసరం రాలేదు.

ఇంటికి వెళ్లాక కూడా నడక పూర్తిగా రాలేదు. హాలోపెరిడాల్ వల్ల వచ్చిన బిగుతు కొందరిలో నెలలపాటు ఉంటుంది. ఇది మందు మిగిల్చిన బిగుతా, జబ్బుదా? జబ్బు పేరు తేల్చడానికి ఇంకో పరీక్ష అక్కర్లేదు, కానీ మెదడులో డోపమైన్‌గా మారే మందు లెవోడోపా ఇవ్వాలా వద్దా అనేదానికి కావాలి. అందుకే ట్రోడాట్ స్కాన్ చేయించాం. హాలోపెరిడాల్ అడ్డుకునేది డోపమైన్ అందుకునే వైపు, ట్రోడాట్ చూపేది డోపమైన్ పంపే కణాల కొసల్ని. మందు ఒక్కటే కారణమైతే స్కాన్ మామూలుగా ఉండాలి. ఆరోగ్యవంతుల్లో కామా ఆకారంలో వెలిగే భాగం ఈయనలో రెండువైపులా తోక పోయి చుక్కగా మిగిలింది. బిగుతులో కొంతైనా జబ్బు వాటా ఉందని తేలింది.

లెవోడోపా 50 మిల్లీగ్రాములు రోజుకి మూడుసార్లు మొదలుపెట్టాం. మంచం మీద నుంచి తనంతట తాను లేవగలిగారు. కుటుంబం ఇంకాస్త మెరుగు కోరుకుంది. నాకూ ఆశ కలిగింది, మోతాదు రెట్టింపు చేశాం. కొద్ది రోజుల్లోనే ఇద్దరు పిల్లలు పదిమందయ్యారు, గుమ్మం దగ్గర ఎవరో మగమనిషి నిలబడ్డాడని రాత్రి తలుపు గడియ పెట్టి భార్యని బయటికి వెళ్లనివ్వలేదు. వెంటనే పాత మోతాదుకి వచ్చేశాం. ఈ జబ్బులో నడకకీ మనసుకీ మధ్య బేరం ఉంటుంది. అల్లరి లేకుండా బాత్‌రూమ్ దాకా నడవగలిగితే చాలని అందరం కూర్చుని అనుకున్నాం.

పని చేసినవి

రివాస్టిగ్మిన్. ముందు ఈసీజీ తీసి గుండె వేగం బాగా తక్కువగా లేదని చూసుకున్నాం. 1.5 మిల్లీగ్రాముల క్యాప్సూల్ రెండుపూటలా భోజనంతో. నెల తర్వాత 3 మిల్లీగ్రాములకి పెంచితే వాంతులు, బరువు తగ్గడం. వదిలేయాల్సిన మందు కాదు కాబట్టి అదే మందు ఉండే, ఒంటికి అంటించే ప్యాచ్‌కి మార్చాం, ముందు 4.6, నెల తర్వాత 9.5.

ప్యాచ్‌తో వచ్చే చిక్కు ఎండాకాలంలో తెలుస్తుంది. చెమటకి ఊడిపోయి మధ్యాహ్నానికి బనియన్‌కి అతుక్కుని కనిపించేది. స్నానం చేశాక ఒళ్లు పూర్తిగా ఆరనిచ్చి, నూనె రాయకుండా, వీపు పైభాగంలో అంటించి అరచేత్తో అరనిమిషం నొక్కి పట్టమని కూతురికి చేసి చూపించాం. పాతది తీశాకే కొత్తది. రెండూ ఒంటి మీద ఉండిపోతే మోతాదు ఎక్కువై గుండె వేగం పడిపోవచ్చు. తీసిన ప్యాచ్‌ని క్యాలెండర్‌లో ఆ తేదీ గడి మీద అంటించడం కూతురు సొంతంగా కనిపెట్టిన పద్ధతి, ఇప్పుడు మిగతావాళ్లకీ అదే చెబుతున్నాం.

మొదట తగ్గింది పూటకో రకంగా ఉండే తెలివి. జ్ఞాపకం, తెలివి కొలిచే అడెన్‌బ్రూక్ పరీక్ష తెలుగు రూపంలో మార్కులు కొద్దిగానే పెరిగాయి, కానీ గుండీలు పెట్టుకుంటున్నారు. పిల్లలు అప్పుడప్పుడు వస్తారు. "ఉన్నారు గానీ, వాళ్లు నిజం కాదని మీరే చెప్పారుగా" అన్నారు ఒకసారి నాతో.

నిద్రకి క్లోనజెపామ్ ఇవ్వలేదు. పడిపోయే మనిషికి, పగలే మత్తుగా ఉండే మనిషికి అది సరిపడదు. మెలటోనిన్ 3 మిల్లీగ్రాములతో మొదలై 6 దగ్గర ఆగాం. మంచం తీసేసి పరుపు నేల మీద వేయించాం, పక్కనున్న గాజు బల్ల తీయించాం. నిలబెట్టి చూస్తే బీపీ 140 నుంచి 100కి పడుతోంది, కాబట్టి బీపీ మాత్ర తగ్గించాం. మునుపు తూలి పడటంలో దానికీ వాటా ఉంది. రెండు కళ్లకీ శుక్లాలున్నాయి. చూపు మసకైతే భ్రాంతులు పెరుగుతాయని ఒక కంటికి చుక్కల మత్తుతోనే ఆపరేషన్ చేయించాం. హాల్లో పూల కర్టెన్ బదులు సాదాది వేశారు, సాయంత్రం ఐదింటికే లైటు వేస్తున్నారు. ఈ చివరి రెండింటికీ రూపాయి మందు ఖర్చు లేదు, నా అంచనాలో ఒక మాత్రంత పని చేశాయి.

ఎర్ర సిరాతో ఒక కార్డు రాసిచ్చాం: హాలోపెరిడాల్, క్లోర్‌ప్రోమజిన్, రిస్పెరిడోన్, ఒలాంజపిన్ వద్దు. వాంతులకి మెటోక్లోప్రమైడ్ వద్దు, కళ్లు తిరిగితే ప్రోక్లోర్‌పెరజిన్ వద్దు. ట్రైహెక్సీఫెనిడిల్, ప్రోమెథజిన్, మత్తు తెప్పించే జలుబు మందులు వద్దు. కింద మా ఫోన్ నంబరు. ఆ వేసవిలో ఆయనకి వాంతులు పట్టుకుంటే వీధి చివరి క్లినిక్‌లో మెటోక్లోప్రమైడ్ సూది మందు సిద్ధం చేశారట. కూతురు కార్డు చూపించింది. అక్కడి డాక్టరు సూది పక్కన పెట్టి నాకు ఫోన్ చేశారు, డోపమైన్‌ని అడ్డుకోని వాంతుల మందు ఒండాన్‌సెట్రాన్ ఇచ్చారు. పెద్ద ఆసుపత్రిలో మేం రాసిన డిశ్చార్జి సమ్మరీ కంటే ఆ కార్డే ఎక్కువ పని చేసింది.

ఇందులో నేర్చుకోవాల్సినవి

పరీక్షల్లేకుండా ప్రోటీన్‌ని ఊహించడం కుదురుతుంది, అడిగే ప్రశ్నలు సరైనవైతే. ముందు పోయింది జ్ఞాపకమా, దారా, ప్రవర్తనా? నిద్రలో కొడతారా? ఒక రోజుకీ ఇంకో రోజుకీ తేడా ఉందా? ఈ ప్రశ్నలు రోగినే కాదు, ఆయన పక్కన పడుకునే మనిషిని అడగాలి. లేదా పక్కన పడుకోవడం మానేసిన మనిషిని. మా ఓపీ ఫారంలో నిద్ర గురించిన ప్రశ్న ఇప్పుడు మొదటి పేజీలోనే ఉంది.

మందు వేశాక మనిషి దిగజారితే, దాని మీద ఇంకో మందు వేసే ముందు మొదటిది తీసి చూడాలి. లూయీ బాడీ జబ్బులో హాలోపెరిడాల్ లాంటి న్యూరోలెప్టిక్ మందులు పడ్డవాళ్లలో సగం మంది దాకా తీవ్రంగా దెబ్బతినవచ్చని 1992 నుంచీ తెలుసు. ఆ మాట మానసిక వైద్యుల దగ్గరా, జనరల్ డాక్టర్ల దగ్గరా, ఎమర్జెన్సీ గదుల్లోనూ ఇంకా గట్టిగా వినపడాలి.

ఒక ప్రశ్న మాత్రం తెరిచే ఉంది. ఈ మధ్య వచ్చినప్పుడు ఆయన నిన్నటి సంగతులు కూడా మర్చిపోతున్నారని చెప్పారు. లూయీ బాడీ రోగుల్లో చాలామంది మెదడులో అమైలాయిడ్, టౌ కూడా కలిసి ఉంటాయి. కొడుకు ఫోన్‌లో వార్త చూపించాడు. అమైలాయిడ్‌ని తొలగించే లెకనెమాబ్‌కి అమెరికాలో 2023లో, డొనానెమాబ్‌కి 2024లో అనుమతి వచ్చింది కదా, నాన్నకి వాటి కోసం పరీక్ష చేయిద్దామా అని. ఆ మందులు సైన్యూక్లిన్ జోలికి పోవు. వాటిని పరీక్షించింది అల్జీమర్స్ తొలిదశలో ఉన్నవాళ్ల మీద. మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి పదేపదే ఎంఆర్ఐ తీయాలి. రాత్రి స్కాన్ గదిలో కదలకుండా పడుకోమంటే ఆయనకి ఏమవుతుందో అందరికీ తెలుసు. వెన్ను నీరు తీసి చూస్తే అమైలాయిడ్ ఉందో లేదో తెలుస్తుంది, కానీ ఏ జవాబొచ్చినా ఆయన వాడే ప్యాచ్ అదే, కార్డు అదే. ప్రస్తుతానికి వద్దని ముగ్గురూ నిర్ణయించుకున్నారు, నేనూ ఒప్పుకున్నాను. ఆర్నెల్ల తర్వాత మళ్లీ కూర్చుని మాట్లాడుకుంటాం.